టైప్ 1 షుగర్ ఉన్న మా పాపకి ఆక్యుపేషనల్ థెరపీ: సెంటర్ ఎలా ఉందంటే

మా పాపకి నాలుగేళ్లు, టైప్ 1 డయాబెటిస్, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం షుగర్. మెట్లెక్కేటప్పుడు తడబడుతుంది, క్రేయాన్ సరిగ్గా పట్టుకోదు, ఎవరైనా వేలు ముట్టుకుంటే చెయ్యి లాగేసుకుంటుంది. టైప్ 1 ఉన్న పిల్లలందరికీ ఇలా ఉండదు, చాలామంది మామూలుగానే ఎదుగుతారు. అయితే 4 నుంచి 10 ఏళ్ల లోపు పిల్లల మెదడు స్కాన్లు తీసిన డిరెక్‌నెట్ (పిల్లల షుగర్ మీద పనిచేసిన అమెరికా పరిశోధకుల బృందం) పరిశోధనలో, షుగర్ ఎక్కువగా ఉంటూ వచ్చిన పిల్లల్లో మెదడు పెరుగుదల కాస్త నెమ్మదిగా ఉన్నట్టు చూశారు. అది చదివాక టెన్షన్ ఆగలేదు, చేతి పట్టు, కదలికలు, రోజువారీ పనులు ఆటలతో అలవాటు చేసే ఈ ఆక్యుపేషనల్ థెరపీలో చేర్చాం.

ఇక్కడి మెయిన్ థెరపిస్ట్ చాలా మంచావిడ. పాప లోపలికి రాగానే షుగర్ ఎంతుందని అడుగుతారు. 70 కన్నా తక్కువుంటే ఏ పరీక్షా పెట్టరు, మేం గ్లూకోజ్ ఇచ్చి 15 నిమిషాలాగి మళ్లీ చూసి, కోలుకున్నాకే మొదలుపెడతారు. షుగర్ పడిపోయి లో అయిన పిల్లకి చేతులు వణుకుతాయి, అడుగు తూలుతుంది, చెప్పింది బుర్రకెక్కదు, అప్పుడు చూసి ఎదుగుదలలో వెనకబడిందని రాసేస్తే ఆ రిపోర్టు దేనికి పనికొస్తుంది? షుగర్ బాగా ఎక్కువున్నా దాహం, చిరాకు, నీరసం, అదీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

వేళ్ల సంగతి కూడా ఆవిడే చెప్పారు. షుగర్ చూడ్డానికి వేలి కొస మధ్యలో గుచ్చొద్దు, పక్కన గుచ్చండి, వేళ్లు మారుస్తూ ఉండండి, పిల్లలు వస్తువుల్ని తడిమి తెలుసుకునేది ఆ మధ్యభాగంతోనే అన్నారు. ముందు పొడి ఇసుక, తర్వాత మెత్తటి పిండిముద్ద, అలా మెల్లగా అలవాటు చేశారు. ఆట అయ్యాక చేతులు కడిగించాకే వేలు గుచ్చనిస్తారు, వేలికి తీపి అంటుకుని ఉంటే రీడింగ్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది కదా. ఒంట్లో ఎలా ఉందో మాటల్లో చెప్పడం కూడా నేర్పుతున్నారు. ఇప్పుడు లో అయ్యేముందు పాప తనే వచ్చి "కాళ్లు వణుకుతున్నాయమ్మా" అంటోంది. మొదటిసారి విన్నప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నచ్చనివి కూడా ఉన్నాయి. ఆవిడ సెలవులో ఉంటే వచ్చే ఇంకో థెరపిస్ట్‌కి షుగర్ గురించి ఏమీ తెలియదు. పాప చేతికి షుగర్ ఎప్పటికప్పుడు చూసి ఫోన్‌కి పంపే సెన్సర్ ఉంటుంది, దాని అలారం మోగితే ఫోన్ బయట పెట్టమన్నారు! నేను ఒప్పుకోలేదు. ఉయ్యాల, వల ఎక్కడం లాంటివి ఎక్కువసేపు చేయించిన రోజు, ఆ ప్రభావం కొన్ని గంటల తర్వాత కూడా ఉండి రాత్రి షుగర్ పడిపోవచ్చు, ఆ మాట తల్లిదండ్రులకి సెంటర్ వాళ్లే ముందుగా చెప్పాలి, చెప్పరు. చేతికి సెన్సర్ ఉన్న వైపు పడుకోబెట్టి వ్యాయామం చేయిస్తే నొక్కుడుకి రీడింగ్ తక్కువ చూపిస్తుందని కూడా మేమే చెప్పాల్సొచ్చింది. గదిలో గ్లూకోజ్ ఉంచరు, మీదే తీసుకెళ్లండి.

ఆ మెయిన్ థెరపిస్ట్ ఉంటే ఐదుకి నాలుగున్నర ఇస్తాను, లేకపోతే రెండు. మేమైతే ఆవిడ ఉన్న రోజులకే అపాయింట్‌మెంట్ పెట్టుకుంటున్నాం.