రాళ్లకే రక్షణా, మొత్తం ప్రాంతానికా?

సముద్ర రక్షిత ప్రాంతాల్లో అడుగు ట్రాలింగ్‌ను, అంటే సముద్రపు అడుగున బరువైన వలను ఈడ్చుతూ చేపలు పట్టడాన్ని, కట్టడి చేయడానికి బ్రిటన్‌లో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, రాతి దిబ్బలు, పగడాలు ఉన్న మేరకే నిషేధించి, మధ్యనున్న ఇసుక నేలను ట్రాలర్లకు వదిలేయడం. రెండవది, రక్షిత ప్రాంతపు హద్దు లోపల ఎక్కడా అడుగున ఈడ్చే వల వేయనీయకపోవడం.

మొదటి పద్ధతిలో మత్స్యకారులకు నష్టం తక్కువ కనుక వారి సమ్మతి సులువుగా దొరుకుతుంది. అయితే ముక్కలుగా మూసిన చోట ఏ పడవ ఏ గీత దాటిందో తేల్చడం కష్టం. పైగా పక్కనే లేచిన బురద రాళ్ల మీది జీవులను కప్పేస్తుంది.

రెండవదానికి ఇంగ్లండ్ నైరుతి తీరంలోని లైమ్ బే మంచి ఉదాహరణ. కొన్ని దిబ్బలకే పరిమితమైన స్వచ్ఛంద ఒప్పందాలు చాలక, 2008లో అక్కడ సుమారు 206 చదరపు కిలోమీటర్ల మేర ట్రాలింగ్‌ను, స్కాలప్ చిప్పల కోసం అడుగును గీకే డ్రెడ్జింగ్‌ను చట్టం ద్వారా ఆపి, పీతల బుట్టల వంటి కదలని సాధనాలను మాత్రం అనుమతించారు. తర్వాతి సర్వేల్లో దిబ్బల జీవులు రాళ్ల మీదే కాక, మధ్యనున్న గులకరాళ్లు కలిసిన ఇసుక మీద కూడా పెరగడం కనిపించింది. అంటే దిబ్బకు అంచు అనుకున్నది చాలాచోట్ల వలలు మిగిల్చిన అంచే గాని, ప్రకృతి పెట్టినది కాదు. నా దృష్టిలో నిర్ణాయకమైన వాదన ఇదే.

మొత్తం నిషేధానికీ లోపాలున్నాయి: తరిమివేసిన ట్రాలర్లు పక్క నీళ్లలోకి జరిగి అక్కడ ఒత్తిడి పెంచవచ్చు. ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్‌లో మాత్రం, రక్షించవలసినది ఇసుక దిబ్బే కాబట్టి, 2022లో నిషేధం విధించేటప్పుడు మొదటి పద్ధతికి చోటే లేకపోయింది.