పెట్రోల్ వాసన వదిలింది: పంపు సీలు, ఫ్యూయల్ హోసు బాగా వాడాక నా రివ్యూ

మాది పదేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. కారు లోపల పెట్రోల్ వాసన వస్తుంటే ట్యాంకు మీద ఉండే ఫ్యూయల్ పంపు రబ్బరు సీలు, ఇంజిన్ దగ్గరి చిన్న హోసు, ట్యాంకు మూత మార్పించాను. ఆ తర్వాత హైదరాబాద్ ఎండలూ వానలూ ఒకటికి రెండుసార్లు చూసింది బండి. వాసన మళ్లీ రాలేదు. బిగించిన మర్నాడే రాసే రివ్యూ ఈ విషయంలో పనికిరాదు. రబ్బరు నాణ్యత తేల్చేది మన ఏప్రిల్, మే నెలలే.

అసలు కష్టం వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడంలో ఉంది. ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజు గుప్పుమనేది, సగానికి దిగాక మాయమయ్యేది. వెనక సీట్లో కూర్చున్న అమ్మ "ఏం రా, తలకాయ తిరుగుతాంది" అనేది, ముందు కూర్చున్న నాకు అంతగా తెలిసేది కాదు. ఒక సర్వీస్ సెంటర్‌లో బానెట్ ఎత్తి చూసి, కారణం చెప్పకుండానే మొత్తం పంపు అసెంబ్లీ మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. సికింద్రాబాద్‌లో ఆటో స్పేర్ పార్టుల మార్కెట్ ఉండే రాణిగంజ్ వైపు పనిచేసే మెకానిక్ భాయ్ మాత్రం ముందు ఏసీ గురించి అడిగాడు. బయటి గాలి లోపలికి రాకుండా రీసర్క్యులేషన్ పెడితే వాసన తగ్గుతోందా, పెరుగుతోందా అని. తగ్గితే ఇంజిన్ వైపు నుంచి గాలితో పాటు లోపలికి వస్తున్నట్టు. పెరిగితే మూలం క్యాబిన్‌లోనే ఉన్నట్టు. మాకు పెరిగేది. "అయితే ఇంజిన్‌ల ఏం లేదు సార్, సీటు లేపుదాం" అన్నాడు.

బ్యాటరీ నెగెటివ్ పీకి, వెనక సీటు ఎత్తి, కింద రేకు మూత విప్పాడు. పంపు చుట్టూ దుమ్మంతా పొడిగానే ఉంది, ఒక్క పక్క మాత్రం తడిసి నల్లగా పేరుకుంది. అక్కడ తెల్ల టిష్యూ అద్దితే తడిసి, చూస్తుండగానే ఆరిపోయి, లేత పసుపు మరక మిగిలింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు మలుపుల్లో పెట్రోల్ ఎగిరి ఆ అంచుకే తగులుతుంది. అందుకే ఫుల్ ట్యాంక్ రోజే వాసన. పాత సీలు బయటికి తీశాక ఉబ్బిపోయి, మళ్లీ ఆ గాడిలో పట్టనే లేదు. పంపు విప్పితే కొత్త సీలు వేయాల్సిందే, పాతదానికే గ్రీజు రాసి కూర్చోబెడతానంటే ఒప్పుకోవద్దు.

కంపెనీ సీలు మూడొందల లోపే. లోకల్ రింగు అందులో సగం కూడా ఉండదు, కానీ అక్కడ మిగుల్చుకునేదేమీ లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్‌తో బండ్లు రావడం ఏప్రిల్ 2023 నుంచి మొదలైంది. అంతకుముందు బండ్లలో పాత రకం రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బొచ్చు, గట్టిపడి పగలొచ్చు. మా సీలు దానివల్లే పోయిందని ఒట్టేసి చెప్పను, వయసు కూడా అయింది. మొన్న సర్వీసులో రేకు విప్పించి చూస్తే కొత్త సీలు చుట్టూ దుమ్ము మొత్తం పొడిగానే ఉంది.

హోసు విషయంలో రాణిగంజ్‌లో జాగ్రత్త. నల్లగా ఉన్న గొట్టాలన్నీ ఒకటి కావు. పైన ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని, అంటే ఫ్యూయల్ హోసుల ప్రమాణం గుర్తు, అచ్చేసి ఉందేమో చూడండి. ఆర్9 ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల కోసం చేసింది, లోపలి పొర పెట్రోల్ ఆవిరిని బాగా ఆపుతుంది. ఆర్6, ఆర్7 తక్కువ ప్రెషర్‌కి, కార్బొరేటర్ కాలం బండ్లకి సరిపోతాయి. ఆర్9 ఖరీదెక్కువే, నాకైతే పైసా వసూల్. నచ్చనిది దాంతో ఇచ్చిన క్లాంపులు. గాట్లున్న పట్టీ బిగించేకొద్దీ రబ్బరును కోస్తుంది. అంచులు మడిచిన క్లాంపులు విడిగా కొన్నాను.

పెట్రోల్ ట్యాంకు మూత రబ్బరు ఒక్కటీ విడిగా దొరకలేదు, మొత్తం మూతే కొనాల్సి వచ్చింది. ఎండలో నిలిపిన బండి మూత తిప్పగానే బుస్సుమంటే కంగారు పడక్కర్లేదు, అది మామూలే.

బంకులో ఆటో కట్ అయ్యాక "రౌండ్ ఫిగర్ చేద్దామా సార్" అంటే నేనిప్పుడు వద్దంటాను. అలా కుక్కితే ఆవిరి పోవాల్సిన గొట్టంలోంచి పెట్రోలే బొగ్గు క్యానిస్టర్‌లోకి, అంటే ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే డబ్బాలోకి పోతుంది. బొగ్గు తడిస్తే ఆవిరిని పట్టుకోలేదు. అప్పుడు సీలు ఎంత కొత్తదైనా వాసన వస్తూనే ఉంటుంది, క్యానిస్టర్ ఖర్చు వేరే.

సెల్లార్‌లో బండి పెట్టేవాళ్లు ఈ వాసనను రేపు చూద్దాంలే అనుకోవద్దు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. మా సెల్లార్‌లో నీళ్ల మోటారు స్విచ్ నా పార్కింగ్ పక్కనే, అందులో చిన్న రవ్వ లేచినా ప్రమాదమే. వాచ్‌మన్ "సార్, మీ బండి కాడ వాసనొస్తుంది" అన్న రోజు నుంచి రిపేరయ్యే దాకా బండి బయట గోడ పక్కనే పెట్టాను.

కొన్ని మోడళ్లలో వెనక సీటు కింద ఆ రేకు మూత ఉండదు. ట్యాంకు దించాలి, లేబర్ బాగా పెరుగుతుంది. అలాంటి బండైతే ట్యాంకు కిందికి దిగినప్పుడే ఫిల్లర్ గొట్టం, ఆవిరి గొట్టం కూడా చూపించి, పగుళ్లుంటే అదే రోజు మార్పించేయండి.