వాల్తర్ పీపీ, పీపీకే: పదకొండేళ్ల వాడకం తర్వాత

తాడిపత్రిలో నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీ నడుపుతున్న నాకు, కూలీల బట్వాడా కోసం వారం వారం నగదు మోసుకురావడం తప్పని పని. నాన్నగారి తదనంతరం ఆయన పిస్తోలు, వాల్తర్ కంపెనీ పీపీ, నా లైసెన్సు మీదికి వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకు, నడుముకు తేలికగా ఉంటుందన్న ఆశతో దాని చిన్న రూపమైన పీపీకే ఒక పాతది కొన్నాను. రెండూ .32 బోరువే (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు). 9 ఎం.ఎం. పౌరులకు నిషిద్ధ బోరు కాబట్టి ఆత్మరక్షణకు పిస్తోలు కోరేవారిలో ఎక్కువమంది ఆగేది .32 దగ్గరే. 2019 చట్ట సవరణతో ఒకరి వద్ద ఉండదగిన ఆయుధాలు మూడు నుంచి రెండుకు తగ్గినప్పుడు, తాతగారి 12 బోరు తుపాకిని వదులుకొని ఈ రెంటినీ ఉంచుకున్నాను.

1929లో వచ్చిన పీపీని యూనిఫాంలో ఉండే పోలీసుల కోసం, తర్వాత కొద్దికాలానికే వచ్చిన పీపీకేను మఫ్టీలో తిరిగేవారి కోసం రూపొందించారు. కాగితం మీద చూస్తే తేడా కొంచెమే: పీపీ పొడవు 170 మిల్లీమీటర్లు, పీపీకే 155, మ్యాగజైనులో, అంటే పిడిలోని తూటాల అరలో, ఒకదానికి ఎనిమిది తూటాలు, రెండోదానికి ఏడు, బరువులో వంద గ్రాముల తేడా కూడా లేదు. ఆ కొంచెమే చేతిలో చాలా పెద్దదని తెలుసుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

లైసెన్సు పరిధిని దేశమంతటికీ పెంచుకున్నాక పొరుగు రాష్ట్రంలోని కాల్పుల సాధన రేంజికి ఏడాదికి రెండుసార్లు వెళ్తున్నాను. పీపీ పిడిని నా నాలుగు వేళ్లూ నిండుగా పట్టుకుంటాయి. పీపీకేకు చిటికెన వేలు మ్యాగజైను అడుగున ఉన్న కొక్కెం మీద ఆనుతుంది; నా అరచెయ్యి వెడల్పు కావడం వల్ల, యాభై తూటాలు కాల్చేసరికి కాల్చినప్పుడల్లా వెనక్కి వచ్చే స్లైడు (పిస్తోలు పైభాగంలో జారే ఉక్కు తొడుగు) అంచు బొటనవేలి మొదట్లో చర్మాన్ని గీరుతుంది. రెండింటిలోనూ మొదటి గుండుకు ట్రిగ్గరు బరువుగా, పొడవుగా లాగాలి, రెండో గుండు నుంచి తేలికవుతుంది. ఈ మార్పుకు వేలిని అలవాటు చేయకపోతే మొదటి గుండు గురికి కిందనే పడుతుంది. పదిహేను మీటర్ల దూరంలో నా పీపీ గుళ్లు అరచేతి వెడల్పులో పడితే, పీపీకేవి విస్తరాకంత మేర పడతాయి. తప్పు తుపాకిది కాదు, గురి చూసే ముందు, వెనక గుర్తుల మధ్య దూరం తగ్గడం వల్ల నా చేతి వణుకు ఎక్కువగా బయటపడుతోంది.

ఇక మోయడం. మే నెలలో చొక్కా వీపుకు అంటుకొని ఉండగా, చెమటంతా తోలు ఒరలోకి దిగుతుంది. పీపీకే తేలికన్న మాట నిజమే అయినా, మంచి మందమైన బెల్టు కట్టాక ఆ గ్రాముల తేడాను నడుము మరిచిపోతుంది. పలచని బెల్టు మీద రెండూ జారుతాయి. పీపీకే దాగేది కూర్చున్నప్పుడే, అదీ జీపులో కాదు, కుర్చీలో. రెండింటికీ హ్యామరు పైన ఒక చిన్న సూది ఉంటుంది. చాంబరులో, అంటే పేలడానికి తూటా సిద్ధంగా ఉండే గదిలో, తూటా ఉంటే అది బయటికి పొడుచుకు వస్తుంది కాబట్టి చీకట్లోనూ బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు. నాకిది అన్నిటికన్నా నచ్చిన గుణం, అయినా స్లైడు లాగి కంటితో చూడకుండా ఎప్పుడూ నమ్మలేదు.

మా ఊరి అసలు శత్రువు రాతి పొడి. ట్రిగ్గరు గార్డును కిందికి లాగి కాస్త పక్కకు తిప్పి, స్లైడును వెనక్కి లాగి పైకెత్తితే చాలు, బారెలు చుట్టూ ఉన్న స్ప్రింగు బయటపడుతుంది. దాని మెలికల్లో తెల్లని పిండిలా ఇరుక్కున్న పొడిని పాత టూత్‌బ్రష్షుతో ప్రతి ఆదివారం దులుపుతాను. నూనె ఎక్కువైతే ఆ పొడే ముద్దవుతుంది, అందుకే గుడ్డతో తడిమినంత చాలు. 2024 ఎన్నికల వేళ ఆయుధాలను పోలీసులకు అప్పగించినప్పుడు, ఒక స్టేషనులో నా పీపీకే నెలలపాటు తోలు ఒరలోనే ఉండిపోయి, తిరిగి తీసుకునేనాటికి స్లైడు మీద ఎర్రని తుప్పు చుక్కలు తేలాయి. దానికి తప్పు నాదే. ఒర తీసి, నూనె గుడ్డలో చుట్టి ఇచ్చి ఉండాల్సింది. పీపీని అలాగే చుట్టి ఇచ్చాను కాబట్టి దానికేమీ కాలేదు.

ప్రస్తుతం నా నడుముకు ఉండేది పీపీయే. పీపీకేను లైసెన్సున్న డీలరు వద్ద అమ్మకానికి పెట్టాను. కొనడానికి వచ్చేవారికి ఖాళీ పిస్తోలును చేతికిచ్చి, చిటికెన వేలు ఎక్కడ ఆగుతుందో చూసుకున్నాకే ధర మాట్లాడమని చెప్పి వచ్చాను.