ఫాంటమ్‌కి పనికొస్తుందని అమ్మే వై కేబుల్‌తో జాగ్రత్త, నా మినీ మైకులు రెండూ పోయాయి

కచేరీలు రికార్డు చేసుకునే అలవాటు ఉండి, చొక్కా కాలర్‌కి తగిలించుకునే చిన్న మైకులు వాడేవాళ్లు కేబుల్ ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి.

శ్రీరామనవమి పందిట్లో మా మాస్టారి వయొలిన్ కచేరీ. ఆయన్ని అడిగి, సరే అన్నాకే రికార్డింగ్‌కి సిద్ధమయ్యాను. మైకుల జత అంతకుముందే 2,800 పెట్టి కొన్నాను, వాటి తప్పేమీ లేదు, ఇంట్లో రికార్డర్ మినీ జాక్‌లో (ఇయర్‌ఫోన్స్ పెట్టేలాంటి చిన్న సాకెట్) పెట్టి చూస్తే పక్కింటి కుక్కర్ విజిల్ కూడా శుభ్రంగా పడింది. అక్కడితో ఆగినా బాగుండేది. రికార్డర్‌కే ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్‌లో (మూడు పిన్నుల పెద్ద సాకెట్) పెడితే వెనక వచ్చే సూ శబ్దం ఇంకా తగ్గుతుందని ఆశపడి ఆన్‌లైన్‌లో 650కి వై కేబుల్ తెప్పించాను. ఒక చివర మినీ సాకెట్, రెండో చివర రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్గులు. "48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో పనిచేస్తుంది" అని పెద్దక్షరాల్లో రాశారు. ఫాంటమ్ పవర్ అంటే రికార్డర్ ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ద్వారా మైకుకి పంపే కరెంటు. చాట్‌లో అడిగితే అమ్మేవాడు "యస్ సర్, సేఫ్" అన్నాడు. ఆ 48ని కేబులే లోపల తగ్గిస్తుంది కాబోలు అనుకున్నాను.

ఈ బుల్లి మైకుల్లో ఉండేది ఎలెక్ట్రెట్ కాప్స్యూల్ (శబ్దాన్ని పట్టే చిన్న బిళ్ల), దాని లోపల చిన్న ట్రాన్సిస్టర్. దానికి రెండు మూడు వోల్టులు చాలు, చాలా కాప్స్యూల్స్ 10 దాటితే తట్టుకోలేవు. మినీ జాక్‌లో వచ్చే కరెంటు, అంటే ప్లగ్-ఇన్ పవర్, రెండు మూడు వోల్టులే ఉంటుంది. 48 వోల్టులు స్టేజీ మీద పెట్టే పెద్ద కండెన్సర్ మైకులకి.

పందిట్లో ముందు వరసలో కూర్చుని ఫాంటమ్ ఆన్ చేశాను. రికార్డర్ తెర మీద గీతలు ఆడుతున్నాయి, అది చూసి నిశ్చింతగా కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు, అది నా బుద్ధితక్కువ. జనం చప్పట్లు కొట్టినా గీతలు పెరగట్లేదని తని ఆవర్తనం అయ్యాక గానీ గమనించలేదు. ఇంటికొచ్చి వింటే 11 సెకన్లు తంబురా, ఆ తర్వాత రెండు గంటల పాటు గరగర.

మర్నాడు స్క్రూడ్రైవర్‌తో ప్లగ్గు విప్పాను. లోపల వైర్లు తప్ప ఏమీ లేవు. ఒక్క రెసిస్టర్ లేదు, కెపాసిటర్ లేదు. రెండో పిన్ను నుంచి తిన్నగా మైకు సాకెట్‌కి వైరు లాగి టంకం పెట్టేశారు. ఫాంటమ్ ఆన్ చేసి మల్టీమీటర్ పెడితే 47 చూపించింది.

కాబట్టి ఇలాంటి కేబుల్ వస్తే ముందు మైకు పెట్టకండి. మీటర్‌ని డీసీ మీద పెట్టి, ఒక మినీ ప్లగ్గు గుచ్చి, దాని కొసకీ మొదలుకీ మధ్య కొలవండి, తర్వాత మధ్య రింగుకీ మొదలుకీ. రెండు చోట్లా 2 నుంచి 5 మధ్య ఉంటే సరే. 10 దాటితే వెనక్కి పంపేయండి. మీటర్ లేనివాళ్లు మినీ జాక్‌తోనే కానివ్వండి, కొంచెం సూ అంటే కొంపలేం మునగవు.

డోలు, సన్నాయి దగ్గర్నుంచి రికార్డు చేసేవాళ్లకి మాత్రం మినీ జాక్ పవర్ చాలకపోవచ్చు. శబ్దం మైకు లోపలే పగిలిపోతుంది, రికార్డర్‌లో గెయిన్ (శబ్దం పెంచే మోతాదు) ఎంత తగ్గించినా బాగుపడదు. దానికి 9 వోల్టుల బ్యాటరీ బాక్స్ (మైకుకి కరెంటిచ్చే చిన్న డబ్బా) కొనుక్కుని లైన్-ఇన్‌లో (మైకుకి కరెంటు పంపని సాకెట్) పెట్టుకోవడం మేలు. దాన్నీ మీటర్‌తో చూడండి, రికార్డర్ వైపు వెళ్లే ప్లగ్గులో వోల్టేజ్ దాదాపు సున్నా ఉండాలి.

అమ్మినవాడు ఇప్పుడేమంటున్నాడంటే మీ రికార్డరే ఎక్కువ వోల్టేజ్ ఇచ్చింది, వాడేసిన సరుకు వాపసు తీసుకోం అని. 48 వోల్టులకి పనికొస్తుందని రాసి అమ్మింది ఎవరో మరి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. మీలో ఎవరైనా ఇదే రకం కేబుల్ కొని ఉంటే ప్లగ్గు విప్పి ఫోటో తీసి పంపండి, ఫిర్యాదుకి జత చేస్తాను.