జొన్నగిరి పలుగురాళ్లు, గుత్తి లాడ్జి బిల్లు

గుత్తిలో రైలు దిగేసరికి రాత్రి పదకొండు. ఫోన్‌లో ఏసీ రూము 1,200 అన్న లాడ్జి గుమాస్తా, మమ్మల్ని చూశాక 1,600 అన్నాడు. "సీజన్ కదా సార్!" ఏం సీజనయ్యా అంటే, వజ్రాల సీజనట. తొలకరి పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ అర్ధరాత్రి ఇంకెక్కడికి పోతాం? కట్టేశాం. ఏసీలోంచి గాలి కన్నా నీళ్లే ఎక్కువ కారాయి. మంచం పక్కన బకెట్ పెట్టుకుని, దాని టపటపలు వింటూ తెల్లవార్లూ దోమలు కొట్టాం. పొద్దున అదే బకెట్‌లో వేడినీళ్లు పోసి 40 రూపాయలు తీసుకున్నాడు. గుత్తి కోట చూడాలనుంటే పొద్దున్నే దిగేలా రండి, రాత్రి మాత్రం ఉండకండి.

పత్తికొండ దారిలో తిప్పడానికి ఆటోకు 1,500. అది మాత్రం దండగ కాలేదు.

ముందు ఎర్రగుడి. గుట్ట మీది బండలపై అశోకుడి శాసనాలు. ఒకదానిలో కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు, ఎద్దులతో మడక దున్నినట్టు సాగుతాయి. 1929లో వీటిని గుర్తించింది చరిత్రకారుడు కాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. మౌర్యుల దక్షిణాది కేంద్రం సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరంటారు. కాదు, కర్ణాటకలోని మస్కి వైపని మరికొందరు.

జొన్నగిరిలో నన్ను కట్టిపడేసింది రోడ్డు పక్కన దొరికిన గుప్పెడంత పలుగురాయి. తెల్లటి రాయి మధ్యలో తుప్పు రంగు చారలు, చిన్న చిన్న గుంటలు. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం కరిగిపోయిన చోట అలా గుంట, తుప్పు మిగులుతాయి. 250 కోట్ల ఏళ్ల కిందటి రాళ్లు పగిలి నలిగిన చోట్లలోకి వేడి ద్రవాలు ఎక్కి, పలుగును, దాంతోపాటు రవ్వంత బంగారాన్ని దింపి వెళ్లాయి. పాతకాలం వాళ్లు ఈ తుప్పు చారలనే ఆనవాలు పట్టి తవ్వుకుంటూ పోయారు. ఆ పాత గుంటల వెంటే మన కాలంలో కేంద్ర ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐ అన్వేషణ సాగింది. 2013లో ఒక ప్రైవేటు సంస్థకు బంగారు గని లీజు వచ్చింది. టన్ను రాయికి సుమారు గ్రామున్నర బంగారం, అంటే కంటికి ఏమీ కనబడదు. అనుమతి లేకుండా గని దగ్గరికి వెళ్లి మాటలు పడకండి.

మా బావమరిదికి ఇదేదీ ఎక్కలేదు. "బావా, గ్రామున్నర కోసం టన్ను రాయి పిండి కొట్టేకంటే ఒక్క వజ్రం ఏరుకుంటే పోలా?" అని ఎర్రమట్టి చేలో రెండు గంటలు వంగిన నడుం ఎత్తలేదు. జేబునిండా గులకరాళ్లు. ఆటోవాడు వెయిటింగని ఇంకో 200 లాగాడు.

లాడ్జికొచ్చి రాళ్లు కడుగుదామంటే కొళాయిలో నీళ్లు లేవు. గుమాస్తా ఆ రాళ్లు చూసి, "ఏమన్నా తగిలాయా సార్?" అన్నాడు. మావాడు మాట్లాడకుండా నవ్వాడు. చెక్ఔట్ గంట దాటిందని బిల్లులో మరో 300 కలిపాడు.