క్లోజ్డ్ పొజిషన్లలో స్టాక్‌ఫిష్: చాలాకాలం వాడాక సమీక్ష

కింగ్స్ ఇండియన్, ఫ్రెంచ్ ఓపెనింగుల విశ్లేషణకు స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్‌ను (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) ఏళ్లుగా వాడుతున్నాను. బంటులు ఒకదానికొకటి అడ్డుపడి బోర్డు బిగుసుకుపోయినప్పుడు (అదే క్లోజ్డ్ పొజిషన్) అది చూపే స్కోరును, అంటే ఎవరిది పైచేయో చెప్పే అంకెను, ఇప్పటికీ తీర్పుగా తీసుకోను.

పాత ఇంజిన్ల పరిస్థితి మరీ ఘోరం. 2008లో ఒక ఆన్‌లైన్ బ్లిట్జ్ ఆటలో గ్రాండ్‌మాస్టర్ నకమురా 271 ఎత్తుల్లో రైబ్కా అనే ఇంజిన్‌ను ఓడించాడు. గెలుపు తనదేననుకున్న రైబ్కా, 50 ఎత్తుల డ్రా (బంటు కదలిక, కొట్టుడు లేకుండా 50 ఎత్తులు గడిస్తే వర్తించేది) తప్పించుకోబోయి తన కోటను (ఎదుటివారు ఛేదించలేని రక్షణను) తానే కూల్చుకుంది. 2020లో స్టాక్‌ఫిష్ 12తో ఎన్ఎన్‌యూఈ (పొజిషన్‌ను అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్) వచ్చాక ఆ అమాయకత్వం చాలావరకు పోయింది. తర్వాతి నెట్‌వర్కులకు లీలా అనే మరో ఇంజిన్ డేటాతోనూ శిక్షణ ఇచ్చారు.

మిగిలిన చిక్కు సెర్చ్‌లో, అంటే ఇంజిన్ ఎత్తులు వెతికే తీరులో ఉంది. బంటు తోపు (బంటును ముందుకు నెట్టడం) పదిహేను ఎత్తుల తయారీ తర్వాత గానీ రాదనుకోండి, ఆలోపు రూక్ అటు జరిగినా ఇటు జరిగినా స్కోరు ఒకటే. అసలు ప్లాన్ ఉన్న లైను (ఎత్తుల వరస) ఇంజిన్ పరిశీలించే జాబితాలో వెనకపడుతుంది, దాంతో దాన్ని తక్కువ లోతుకే చూసి వదిలేస్తుంది. అందుకే తోపులను నేనే బోర్డు మీద ఆడి చూపిస్తాను. కింగ్స్ ఇండియన్‌లో 8.డి5 గుర్రం ఇ7 తర్వాత తెల్లవైపు సి5, నల్లవైపు ఎఫ్5-ఎఫ్4, జి5-జి4. ఒక్కోదాని చివర డెప్త్ (ఇంజిన్ ముందుకు చూసే లోతు) 30 దాకా ఆగి, ఒక్కో ఎత్తే వెనక్కి రావాలి. హ్యాష్‌లో (ఇంజిన్ లెక్కలు దాచుకునే మెమరీ) మిగిలిన లెక్కల వల్ల మొదటి పొజిషన్ స్కోరు కూడా మారుతుంది. హ్యాష్ 2048 ఎంబీ పెడితే చాలు. మధ్యలో దాన్ని క్లియర్ చేస్తే శ్రమంతా వృథా. మల్టీపీవీ (ఒకేసారి చూపే మంచి లైన్ల సంఖ్య) 4 పెడితే ప్రత్యామ్నాయాలు కనిపిస్తాయి, కానీ అదే సమయంలో డెప్త్ తగ్గుతుంది.

స్కోరు +1.2 దగ్గరే పది పన్నెండు ఎత్తులు కదలకుండా ఉంటే కోటేమోనని అనుమానించాలి. గెలుపు-డ్రా-ఓటమి శాతాలు చూపే ఆప్షన్ ఇక్కడ పెద్దగా పనికిరాదు, స్టాక్‌ఫిష్‌లో అవి ఆ స్కోరు నుంచే లెక్కకట్టినవి. రెండు వైపులా ఇంజిన్‌నే పెట్టి ఆడించడం మేలు.

ఫెన్ (పొజిషన్‌ను ఒకే వరుసలో రాసే పద్ధతి) అతికించేటప్పుడు, ఖాళీలతో విడదీసిన భాగాల్లో ఐదోదాన్ని చూసుకోండి. బంటు కదలిక, కొట్టుడు లేకుండా గడిచిన అర ఎత్తుల లెక్క అది. చాలా సైట్లు దాన్ని సున్నా చేసేస్తాయి, దాంతో డ్రా దగ్గరపడ్డ సంగతి ఇంజిన్‌కు తెలియదు.

లీలాలో డ్రా శాతం నేరుగా నెట్‌వర్క్ నుంచే వస్తుంది కాబట్టి రెండో అభిప్రాయానికి అదే నయం. మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మాత్రం దాని జోలికి వెళ్లకండి.