పక్షవాతం తర్వాత చేయి ఆడేందుకు ఫ్లూయోక్సెటిన్ 20: వాడి లాభముందా?

దిగులు తగ్గించే క్యాప్సూల్ పక్షవాతం చీటీలో కనిపిస్తే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. దీని వెనకున్నది 2011లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఫ్లేమ్ పరీక్ష. స్ట్రోక్ వచ్చిన 5 నుంచి 10 రోజుల్లోపే మొదలుపెట్టి, 118 మందిలో సగానికి రోజూ 20 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర, 3 నెలలపాటు ఇచ్చారు. ఫిజియోథెరపీ అందరికీ ఉంది. కాళ్లూ చేతుల కదలికకు 100 మార్కులు పెడితే మందు పడ్డవాళ్లు 34, పడనివాళ్లు 24 మెరుగయ్యారు. దాంతో చీటీల్లోకి ఎక్కేసింది.

బ్రిటన్‌లో ఫోకస్ పేరిట 3,127 మందిలో సగానికి ఈ మందు, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర 6 నెలలు ఇచ్చి చూశాక, 2018లో ఆ ఆశ చల్లారింది. రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో ఇరువర్గాలకూ తేడా లేదు. 2020లో స్వీడన్ పరీక్షదీ అదే మాట. ఫోకస్‌లో ఫ్లేమ్‌లో లాగా కదలికకు మార్కులు వేయలేదని మందు పక్షం వాదించేవాళ్లున్నారు. నిజమే, కానీ అన్నం ముద్ద నోటిదాకా వెళ్లకపోతే మార్కులతో పనేంటి?

పైగా ఫోకస్‌లో ఎముకలు విరిగినవాళ్లు మందు వర్గంలో దాదాపు రెట్టింపు: 2.9 శాతం, అటువైపు 1.5. కొత్తగా డిప్రెషన్ రావడం మాత్రం తగ్గింది. మా తీర్పు అక్కడే ఉంది. మనిషి దిగులుతో వ్యాయామం మానేస్తున్నా, కారణం లేకుండా ఏడుపు తన్నుకొస్తున్నా ఈ మందు దండగ కాదు. ఉత్త కదలిక కోసమైతే వద్దు.

వాడుతుంటే పొద్దున్నే వేయాలి, రాత్రి వేస్తే నిద్ర చెడుతుంది. మొదటి రెండు మూడు వారాల్లో సోడియం పరీక్ష చేయించాలి, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకు, బీపీకి నీటి మాత్ర వేసుకునేవాళ్లకు. సోడియం పడిపోతే మత్తు, తికమక వస్తాయి. మళ్లీ స్ట్రోకేమో అని హడలిపోతారు. రక్తం పలచనయ్యే మందులతో కలిస్తే రక్తస్రావం భయం ఉంది. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ పనిని ఇది కొంత తగ్గించవచ్చు కూడా, కాబట్టి డాక్టరుకు ఆ పేరు చెప్పి తీరాలి. నొప్పికి ట్రమడాల్ అడక్కుండా వేయకూడదు.

కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ కూడా రాసి ఉంటే నడక గమనించండి. బలంలేని కాలిని కొన్నిసార్లు నిలబెట్టేది ఆ బిగుతే. మోతాదు ఎక్కువైతే మోకాలు మడతపడి మనిషి కూలబడతాడు. అలా జరిగితే మాత్ర ఠక్కున ఆపేయకుండా, మోతాదు తగ్గించమని డాక్టరునే అడగాలి.